గ్యాప్‌సెట్ పెట్టండి మహాప్రభో

ఆన్‌లైన్ రమ్మీని తట్టుకున్నాం. అర్ధరాత్రి బిర్యానీని తట్టుకున్నాం. తెలుగు మధ్యతరగతి కుటుంబానికి అసలైన ఆపద ఇప్పుడొచ్చి పడింది. బి.టెక్ రెండో ఏడు పూర్తిచేసిన కుర్రాడు, ఒక్క సబ్జెక్టు కూడా పోని కుర్రాడు, "ఒక ఏడాది ఆపి కలకత్తాలో ఉండొస్తాను" అంటున్నాడు. ఎందుకురా అంటే "ఉండి చూద్దామని" అంటున్నాడు.

ఇది మా అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్‌లో జరిగింది. విజయవాడ నడిబొడ్డున, పట్టపగలు. అసోసియేషన్ కార్యదర్శి హోదాలో నన్నూ పిలిచారు కాబట్టి ఈ వివరాలన్నీ బాధ్యతతో రాస్తున్నాను.

తండ్రి ముందుగా అడగాల్సిందే అడిగాడు. "బ్యాక్‌లాగ్స్ ఎన్ని? నిజం చెప్పు, ఏమీ అనను." లేవన్నాడు. మార్కుల మెమోలు తెప్పించి చూశారు, నిజంగానే లేవు. ఇంట్లో అసలు టెన్షన్ అక్కడే మొదలైంది. తల్లి పక్కకి తీసుకెళ్లి, "ఎవరైనా అమ్మాయా నాన్నా? బెంగాలీ అమ్మాయైనా ఫర్వాలేదు, చెప్పెయ్" అంది. చెప్పడానికి ఎవరూ లేరన్నాడు. ఆవిడ మరింత ఏడ్చింది. గుంటూరు నుంచి మేనమామ వచ్చి, ఆప్యాయంగా దగ్గరికి తీసుకున్నట్టు తీసుకుని నోరు వాసన చూశాడు. ఏమీ రాలేదు. హైదరాబాద్ నుంచి పెద్దనాన్నగారు వీడియో కాల్‌లోకి వచ్చి ఏలినాటి శని ఎవరికి నడుస్తోందో చూడమన్నారు. చూస్తే అది పెద్దనాన్నగారికే నడుస్తోంది.

ఇక్కడొక సంగతి ఆలోచించాలి. అదే కుర్రాడు హాజరు చాలక డిటెయిన్ అయ్యుంటే ఏమయ్యేది? సరిగ్గా అదే ఏడాది పోయేది. ఇంట్లో కూర్చునేవాడు, మధ్యాహ్నం పన్నెండుకి లేచేవాడు, బంధువులొస్తే గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. "ఈ ఏడు టైం బాలేదు వదినా" అని ఒక్క మాటతో సరిపోయేది. ఎవరూ నోరు వాసన చూసేవారు కాదు. యూనివర్సిటీ ఆపితే ప్రారబ్ధం, తనంతట తాను ఆగితే పొగరు. ఈ మాత్రం తేడా తెలియని పిల్లాడికి ఎనిమిది పాయింట్ల సీజీపీఏ ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మన సమాజానికి గ్యాప్ అంటే గిట్టదని కొందరు మేధావులు రాస్తుంటారు. అది అపవాదు. పిల్లల్ని పరాయి ఊళ్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచే విద్యలో మనల్ని మించినవాళ్లు లేరు. ఒకసారి పోరంకి, గూడవల్లి వైపు వెళ్లి చూడండి. ఇంటర్ పాసై, నీట్‌లో సీటు రాని పిల్లలు మళ్లీ ఏడాది కోచింగ్‌కి బస్సులకొద్దీ దిగుతారు. దానికి లాంగ్ టర్మ్ అని గౌరవప్రదమైన పేరుంది. తెల్లవారకుండానే లేపుతారు, పదిన్నర దాటాక పడుకోమంటారు, ఆదివారం పరీక్ష పెడతారు. ఏడాది ఉన్నా కృష్ణానది ఏ పక్కనుందో తెలియకుండా కాపాడతారు. ప్రకాశం బ్యారేజీ ఎక్కడని అడిగితే సిలబస్‌లో లేదంటారు. మొదటి లాంగ్ టర్మ్‌లో రాకపోతే రెండోది, రెండోదాంట్లో రాకపోతే మూడోది. నీట్‌కి గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు కాబట్టి ఇక తండ్రి ఓపికే పరిమితి. ఆ తండ్రి దగ్గరికి వెళ్లి "మీవాడు ఏం చేస్తున్నాడండీ" అంటే తలెత్తుకుని చెబుతాడు: "లాంగ్ టర్మ్ అండీ."

అవనిగడ్డ మాటేమిటి? నంద్యాల మాటేమిటి? బ్యాంకు ఉద్యోగమంటే నంద్యాల, టీచరు ఉద్యోగమంటే అవనిగడ్డ అని రాష్ట్రం నలుమూలల నుంచీ వచ్చి గదులు తీసుకుని ఉంటారు. 2018 డీఎస్సీ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టులతో. మధ్యలో 2024లో ఒక నోటిఫికేషన్ వచ్చి, వచ్చినట్టే పోయింది. ఏడేళ్లు! ప్రపంచంలో ఏ ప్రభుత్వమైనా తన యువతకి ఇంత ఉదారంగా గ్యాప్ ఇచ్చిందా?

ఇచ్చింది. పక్క రాష్ట్రం ఇచ్చింది. మా పెద్దమ్మ మనవడు హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్-1కి చదివేవాడు. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది, అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశాడు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. అంటే ఒకే పరీక్షలో మొదటి మెట్టు మూడుసార్లు ఎక్కాడు. ఈలోగా ముగ్గురితో కలిసి ఒక గది, చిక్కడపల్లి లైబ్రరీలో ఒక కుర్చీ, ఐదు రూపాయల భోజనం. బంధువులెవరూ ఒక్క మాట అనలేదు. పైగా ఊళ్లో పెళ్లికొస్తే "కలెక్టర్‌గారొచ్చారు" అని ముందు వరుసలో కూర్చోబెట్టారు.

కాబట్టి చట్టం చాలా స్పష్టంగా ఉంది. పరాయి ఊళ్లో ఉండొచ్చు. ఏళ్లు పోగొట్టుకోవచ్చు. నాన్న పీఎఫ్ ఖాళీ చేయొచ్చు. సంతోషంగా ఉండకూడదు, అంతే. నాలుగో ఫ్లోర్ అబ్బాయి చేసిన నేరం ఇదే. మొహంలో ఎక్కడా బాధ లేదు. పైగా అక్కడ ట్రామ్ ఉందట, ఎక్కుతాడట. 1873 నాటి ట్రామ్! ఒకటి రెండు రూట్లలో తప్ప మిగిలినవన్నీ మూతపడ్డాయి, పూర్తిగా ఆగిపోకముందే చూడాలట. కాలేజ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాల షాపులుంటాయట, ఏదో ఒకదాంట్లో పని దొరికితే చేస్తాడట. ఇంజనీరింగ్ చదివే కుర్రాడు పుస్తకాల పేరెత్తేసరికి తండ్రికి బీపీ వచ్చింది.

ఊరు సమస్య కాదని కూడా ఇక్కడ మనవి చేస్తున్నాను. అదే కుర్రాడికి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో సీటొచ్చి ఉంటే ఇదే కుటుంబం కోరమాండల్ ఎక్కి, ఆవకాయ జాడీలతో సహా దిగబెట్టి వచ్చేది. మనవాళ్లు రైల్వే ఉద్యోగాల కోసం ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ ఊరే అది. అక్కడి నుంచి హౌరా లోకల్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటల దూరంలోనే వంశ ప్రతిష్ఠ నుంచి వంశ నాశనం వరకూ ఉందన్నమాట. భౌగోళిక శాస్త్రవేత్తలు దీన్నింకా గుర్తించలేదు.

చరిత్ర చదివినవాళ్లు కొందరు అడ్డం తిరుగుతారని నాకు తెలుసు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో మద్రాసు సుప్రీం కోర్టు కొలువుకి సెలవు పెట్టి కాశీ బయల్దేరి, పదిహేను నెలలు తిరిగొచ్చారు కదా అంటారు. అది పుణ్యం ఖాతా, దీంతో కలపకూడదు. 1930లో పుచ్చలపల్లి సుందరయ్యగారు మద్రాసు లయోలాలో చదువు వదిలేసి ఉప్పు సత్యాగ్రహంలోకి వెళ్లలేదా అంటారు. వెళ్లారు, కానీ ఆయనకి జైలు పడింది. జైలుంటే మాకూ అభ్యంతరం లేదు, అక్కడా రోజూ హాజరు తీసుకుంటారు. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా నుంచి గెంటేస్తే నాగపూర్ వెళ్లి చదువుకున్న విద్యార్థుల సంగతేమిటంటారు. గెంటేశారు కదండీ! గెంటేస్తే వెళ్లొచ్చని మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను.

అసలు మన సంప్రదాయంలోనే ఇందుకు ఏర్పాటు ఉంది. చదువు ముగించిన కుర్రాడు గొడుగు పట్టుకుని, పాంకోళ్లు వేసుకుని, "నాకీ సంసారం వద్దు, కాశీకి పోతున్నా" అని బయల్దేరతాడు. ఫంక్షన్ హాల్ గేటు దాకా పోనిస్తాం. అక్కడ బావమరిది ఎదురొచ్చి బెల్లం ముక్క పెట్టి, మా అక్కని చేసుకో బావా అని వెనక్కి తిప్పుతాడు. మొత్తం పది నిమిషాల కార్యక్రమం, ఫొటోలతో కలిపి పావుగంట. ఇంత చక్కటి గ్యాప్‌ని పూర్వీకులు మనకోసం ఉంచిపోతే ఈ పిల్లలకి ఏడాది కావాలట.

ఆ అబ్బాయి చెల్లెలు కూడా చర్చ మధ్యలో "అయితే వచ్చే ఏడు నేను పాండిచ్చేరి వెళ్తా" అంది. ఆ మాటని మినిట్స్‌లో నమోదు చేయలేదు. ఆడపిల్లలకి గ్యాప్ వేరే పద్ధతిలో ఇస్తాం. పట్టా చేతికొచ్చిన ఏడాదిలో పెళ్లి చేసి, హెచ్-4 వీసా మీద డల్లాస్ పంపిస్తాం. అక్కడ ఉద్యోగం చేయడానికి అనుమతి ఉండదు. 2015 నుంచి కొందరికి ఇస్తున్నారు గానీ, దానికి ముందు భర్తగారి గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందాలి. అప్పటిదాకా కొత్త ఊళ్లో, కిటికీ దగ్గర, మూడేళ్లో నాలుగేళ్లో. బి.టెక్‌లో గోల్డ్ మెడల్ కొట్టిన పిల్ల బ్యాక్ యార్డ్‌లో గోంగూర పెంచుతుంది. దాన్ని గ్యాప్ అని ఎవరూ అనరు. "సెటిలైపోయింది" అంటారు.

కుర్రాడు మాత్రం తక్కువవాడా! నిబంధనల పుస్తకం తీసుకొచ్చాడు. కాకినాడ జేఎన్‌టీయూ నిబంధనల్లో గ్యాప్ ఇయర్ అనే మాట అచ్చులో ఉందండీ. నా కళ్లజోడు తుడుచుకుని మరీ చదివాను. ఏడాది ఆగొచ్చు, కావాలంటే రెండేళ్లకి పెంచుతారు, కోర్సు గడువులో లెక్కేయరు. అయితే ఒక షరతుంది. స్టార్టప్ పెట్టాలి. ప్రిన్సిపల్‌గారి ద్వారా ప్రతిపాదన పంపితే యూనివర్సిటీ కమిటీ పరిశీలించి నిర్ణయిస్తుంది. చూశారా యూనివర్సిటీ ఎంత ముందుచూపుతో ఉందో! కంపెనీ పెట్టి దివాలా తీయడానికి ఏడాది ఇస్తుంది, రెండేళ్లిస్తుంది. ఉండి చూడటానికి మాత్రం కాలమ్ లేదు. "పోనీ, ట్రామ్ మీద ఏదైనా యాప్ అని రాయరా" అని నేనే సలహా ఇచ్చాను. రెవెన్యూ మోడల్ ఏమిటని కమిటీ అడిగితే అని భయపడ్డాడు. నిజాయితీపరులకి స్టార్టప్‌లు పనికిరావు.

ఇక తిరిగొచ్చాక సంగతి. అడ్మిషన్‌కి వెళితే చాలాచోట్ల ఖాళీ కాలానికి స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించిన గ్యాప్ అఫిడవిట్ అడుగుతారు. ఆ కాలంలో నేను ఏ విద్యాసంస్థలోనూ చేరలేదు, చట్టవిరుద్ధమైన పనులేవీ చేయలేదు అని అందులో ప్రమాణం చేయాలి. కాలేజీలో ఉన్న నాలుగేళ్లూ ఏం చేశావని ఎవరూ ప్రమాణం అడగరు. బయట ఉన్న ఏడాదికే అడుగుతారు. ఇది సబబే.

విమర్శించి వదిలేయడం నా పద్ధతి కాదు కాబట్టి ప్రభుత్వాలకి ఒక ప్రతిపాదన పంపిస్తున్నాను. మనకి అన్నిటికీ సెట్ ఉంది. ఎంసెట్ (పేరు మార్చారు గానీ నోరు మారలేదు), ఈసెట్, ఐసెట్, లాసెట్, ఎడ్‌సెట్, పాలీసెట్. వ్యాయామం నేర్పే ఉద్యోగానికి చదవాలన్నా పీఈసెట్ గట్టెక్కాల్సిందే. గ్యాప్‌కి సెట్ లేకపోవడం వల్లే ఈ అరాచకమంతా. వెంటనే గ్యాప్‌సెట్ పెట్టాలి. నూట అరవై ప్రశ్నలు, మూడు గంటలు, ఆన్‌లైన్. నమూనా ప్రశ్న: హౌరాలో దిగిన అభ్యర్థి దగ్గర నాలుగు వేల రూపాయలున్నాయి. ఇంటి ఓనరు ఐదు వేలు అడ్వాన్స్ అడిగాడు. అభ్యర్థి మొదట ఎవరికి ఫోన్ చేయాలి? ఎ) అమ్మకి, బి) నాన్నకి, సి) అమ్మకి చేసి నాన్నకి చెప్పొద్దనాలి, డి) ఎవరికీ చేయకూడదు. డి గుర్తించినవాళ్లకి నెగెటివ్ మార్కు.

ర్యాంకులొచ్చాక వెబ్ ఆప్షన్లు. పదివేలలోపు ర్యాంకుకి కలకత్తా, పుణె. ఆపైన వస్తే భువనేశ్వర్. ఏదీ రానివాళ్లకి స్పాట్ అడ్మిషన్‌లో తెనాలిలో బాబాయిగారిల్లు. మేనేజ్‌మెంట్ కోటాలో ఎవరైనా ఎక్కడైనా సంతోషంగా ఉండొచ్చు, ఆ కోటా ఇప్పటికే అమల్లో ఉంది. బెంజ్ సర్కిల్‌లో హోర్డింగు కూడా నా కళ్లకి కడుతోంది. పాస్‌పోర్టు ఫొటోల కింద ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని అంకెలు.

సహజంగానే ఇంత పోటీ పరీక్ష కోచింగ్ లేకుండా రాయలేరు. దానికి కనీసం ఒక ఏడాది పడుతుంది. అంటే ఏడాది గ్యాప్ కోసం ఏడాది గ్యాప్ తీసుకోవాలి. ర్యాంకు రాకపోతే రెండో ఏడాది లాంగ్ టర్మ్.

ఈ ముసాయిదాని నాలుగో ఫ్లోర్‌కి తీసుకెళ్లి ఆ అబ్బాయి తండ్రికి చదివి వినిపించాను. వారం రోజుల తర్వాత ఆ మొహంలో మొదటిసారి రక్తం కనిపించింది. కొడుకుని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "ఇలా చెబితే మేం మాత్రం కాదంటామా రా" అన్నాడు. ఫీజెంత, ఏసీనా నాన్ ఏసీనా, ముందే కడితే డిస్కౌంటెంత అని వరసగా అడిగాడు. ఇంకా కాలేజీయే పెట్టలేదండీ అంటే, పెట్టకముందు కడితే తగ్గిస్తారు కదా అన్నాడు. చివరికి గొంతు తగ్గించి ఒక్క అనుమానం బయటపెట్టాడు.

"ఆ కోచింగ్ ఏడాదంతా పిల్లల్ని గేటు దాటనివ్వరు కదండీ?"

నెలకో ఆదివారం, తల్లిదండ్రులొచ్చి సంతకం పెడితే గంటసేపు పంపిస్తారని చెప్పాను. గంట ఎక్కువే, అరగంట చాలన్నాడు.