ఎల్ ఫాషర్ చుట్టూ మట్టికట్ట

నూనె తీయగా మిగిలే వేరుశనగ చెక్కను మన పల్లెల్లో గేదెల కుడితిలో కలుపుతారు. సూడాన్‌లోని ఎల్ ఫాషర్‌లో దాన్ని అంబాజ్ అంటారు. 2025లో అక్కడ మనుషులు తిన్నది అదే. తేమ తగిలితే చెక్కకు బూజు పడుతుంది, ఆ విషం నేరుగా కాలేయానికే చేటు. చివరికి అదీ దొరకలేదు.

అక్టోబరు 26న ఆ నగరం ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ వశమైంది. సూడాన్ సైన్యం మీద తిరగబడ్డ ఈ దళం 2023 చివర్లోనే న్యాలా, జలింగీ, జెనీనా, ఎద్ దయీన్‌లను పట్టుకుంది. దేశానికి పడమటనున్న డార్ఫర్ ప్రాంతంలో దాని చేతికి చిక్కకుండా మిగిలిన రాష్ట్ర రాజధాని ఎల్ ఫాషర్ ఒక్కటే. 2024 ఏప్రిల్‌లో ఉత్తరాన మెల్లిట్ చేజిక్కించుకుని సరుకు లారీల దారి మూసింది. మే నుంచి ఎల్ ఫాషర్ మీద పడింది. పికప్ బండ్లకు మెషీన్‌గన్లు బిగించి బయలు నేలలో దూసుకుపోవడం దానికి తెలిసిన విద్య. సందుల్లో, కందకాల ముందు ఆ ఆటలు సాగలేదు. సైన్యంతో కలిసిన డార్ఫర్ సాయుధ దళాలు తిప్పికొట్టాయి. జూన్‌లో దాడి నడిపిన అలీ యాకూబ్ గిబ్రిలే హతమయ్యాడు.

దాంతో పద్ధతి మారింది. 2025 ఏప్రిల్‌లో పక్కనున్న జంజం నిర్వాసితుల శిబిరం ఆక్రమణ. ఆపైన ఊరి చుట్టూ మట్టికట్ట. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాల్లో కొలిస్తే ఆగస్టు చివరికే 31 కిలోమీటర్లు దాటింది. కట్ట మీదకు బండి ఎక్కదు, నడిచి దాటేవాడు దూరం నుంచే కనబడతాడు. వదిలిన సందుల దగ్గర కాపలా పెడితే చాలు. ఆకాశదారీ మిగల్లేదు: ముట్టడిదారుల చేతికి డ్రోన్లు, విమానాలను కూల్చే ఆయుధాలు వచ్చాక సైన్యం జారవిడిచే మూటలు ఆగాయి. జూన్‌లో ఐక్యరాజ్యసమితి పంపిన 15 లారీలు 1,800 కిలోమీటర్లు నడిచి అల్ కోమా దాకా వచ్చాయి. అక్కడ దాడి జరిగి ఐదుగురు చనిపోయారు.

ముట్టడి ఆపాలని భద్రతా మండలి 2024 జూన్ 13న 2736వ తీర్మానం చేసింది. వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, రష్యా మాత్రం ఓటింగుకు దూరంగా ఉంది. ఆపకపోతే ఏం చేస్తారో అందులో రాయలేదు. అందుకే అది కాగితంగానే మిగిలిందని మా అభిప్రాయం. ఆ మాటకొస్తే, ఊరికి పట్టబోయే గతి మట్టికట్ట మొదలైన రోజే అందరికీ అర్థం కావాల్సింది.

ఊళ్లోని సైనిక స్థావరం, ఆరో పదాతి డివిజన్ కేంద్రం, పడిపోయిన మర్నాడు సైన్యం వెనుదిరిగిందని సైన్యాధిపతి బుర్హాన్ ప్రకటించారు. ఊళ్లో అప్పటికి రెండున్నర లక్షల పైచిలుకు జనం ఉన్నారని అంచనా. పారిపోతున్నవాళ్లలో మగవాళ్లను దారిలో ఆడవాళ్ల నుంచి వేరుచేశారు. 60 కిలోమీటర్ల దూరంలోని తవీలా పట్టణానికి తొలి రోజుల్లో చేరింది దాదాపు ఐదు వేల మంది.