చిట్టినగర్ మెట్ల మీద ట్రాఫిక్ లేదు

మా బావకి ఒక గట్టి నమ్మకం ఉంది. కారు డాష్‌బోర్డు మీది తెరలో రోడ్లు ఆకుపచ్చగా, నారింజ రంగులో, ఎర్రగా కనబడుతున్నాయంటే ఉపగ్రహం పైన కూర్చుని కిందికి చూస్తోందని. "ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తునుంచి చూసేదానికి కనబడదా, బెంజి సర్కిల్లో నిలబడ్డ నీకు కనబడుతుందా?" అంటాడు. ఆ మాట విన్నప్పటినుంచి మా అక్క కారెక్కే ముందు ఓసారి పైకి చూసి పమిట సర్దుకుంటుంది.

నిజానికి ఆ ఉపగ్రహం ఏదీ చూడదు. అది టైము చెబుతూ తిరుగుతుంది, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల టైము అందితే, ఆ తేడాలనుబట్టి కారులోని పరికరం తానెక్కడుందో లెక్క వేసుకుంటుంది. ట్రాఫిక్ కబురు చెప్పేవి రోడ్డు మీద వెళ్ళే జనం జేబుల్లోని ఫోన్లు. ఫోన్లు జోరుగా కదిలితే ఆకుపచ్చ, నత్తనడక నడిస్తే ఎరుపు. ఈ సంగతి బావకి చెప్పబోతే "నీకన్నీ తెలుసులే" అన్నాడు. పిల్లనిచ్చుకున్నవాళ్ళం, ఊరుకున్నాను.

శ్రావణ శుక్రవారం. బావ తమ్ముడికి భవానీపురంలో నిశ్చితార్థం, పది నలభైకి ముహూర్తం. గుంటూరు నుంచి రెండు కార్లు బయల్దేరాయి. ముందు కారులో పెళ్ళికొడుకు, బావ వాళ్ళ బాబాయి. ఆయనది కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకునే పాత కారు. తెరా లేదు, ఆవిడా లేదు. ఆవిడంటే తెరలోంచి ఇంగ్లిషులో మాట్లాడే ఆడమనిషి. ముందు సీట్లో అక్క, డ్రైవింగులో బావ, ఇద్దరి మధ్య ఆవిడ. వెనక నేనూ, ఇంటర్ చదివే మా మేనల్లుడూ, మా ఒళ్ళో చీర పెట్టిన పళ్ళెం, లడ్డూల పళ్ళెం, పళ్ళ బుట్ట. వీటితోపాటు బ్రేకు వేసినప్పుడల్లా సీటు కిందికి దొర్లిపోయే కొబ్బరికాయ ఒకటి. మేనల్లుడికి ఇంకో బాధ్యత కూడా ఉంది. ఆ తెరకి లైవ్ ట్రాఫిక్ రావాలంటే నెట్ కావాలి, వాడి ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లో ఉండాలి. "నా డేటా అంతా అయిపోతోంది నాన్నా" అని వాడు మంగళగిరి దాటేవరకూ గొణుగుతూనే ఉన్నాడు.

కాజ టోల్‌గేటూ, తాడేపల్లీ, వారధీ ఏ గొడవా లేకుండా దాటాం. బస్టాండు దాటి కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కబోతున్నాం. ఆ ఫ్లైఓవర్ 2020 అక్టోబర్లో తెరిచారు. అది ఉన్నదే ఇలాంటి రోజుల కోసం: కింద అమ్మవారి భక్తులు, పైన బళ్ళు. కళ్ళు మూసి తెరిచేలోగా భవానీపురంలో దిగొచ్చు. సరిగ్గా అప్పుడు టింగుమని మోగింది. ముందంతా ఎరుపు. వన్‌టౌన్ మీదుగా వెళ్తే నాలుగు నిమిషాలు కలిసొస్తుందట.

"శుక్రవారం పూట వన్‌టౌనా? తిన్నగా పోనివ్వండి" అంది అక్క.

"టర్న్ రైట్" అంది ఆవిడ.

బావ రైటు తిప్పాడు. ఇరవయ్యేళ్ళ కాపురంలో అక్క చెప్పిన వైపు ఆయన స్టీరింగు తిప్పగా నేను చూడలేదుగానీ, ఆవిడ నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే ఇండికేటర్ పడింది. అక్క కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొబ్బరికాయ సీటు కిందికి దొర్లింది.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర పూలకీ పళ్ళకీ వచ్చిన జనం. చామంతి బుట్టలు దించుతున్న ఆటో ఒకటి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. ఆ ఆటోవాడు మమ్మల్ని, "ఇవాళ ఎందుకొచ్చారు సార్ ఇటు?" అన్నట్టు జాలిగా చూశాడు. మిగిలిన నాలుగు నిమిషాలూ అక్కడే ఖర్చయ్యాయి. పంజా సెంటరు దాటి, కొత్తపేట దాటి, చిట్టినగర్ వచ్చేసరికి టైము పదింబావు. సొరంగం దాటితే చాలు, అక్కణ్ణుంచి భవానీపురం ఎంతసేపు? ఇంతలో మళ్ళీ టింగు. సొరంగం దారి నారింజ రంగులోకి తిరిగింది. ఎడమ పక్క సందులో ఒక్క వాహనం లేదు. ఆకుపచ్చ కూడా కాదు, ఏ రంగూ లేకుండా స్వచ్ఛంగా ఉంది.

"చూశావా, ఈగ కూడా లేదు!" అన్నాడు బావ.

నిజమే, ఈగ లేదు. సందులోకి తిరిగాక ముందు రెండు పక్కలా ఇళ్ళ అరుగులు దగ్గరకొచ్చాయి. తర్వాత అద్దాలు మడవాల్సొచ్చింది. ఆ తర్వాత సందు చిన్న మలుపు తిరిగింది. మలుపు అవతల మెట్లు.

విజయవాడ కొండల మీది ఇళ్ళు చూసినవాళ్ళకి ఆ మెట్లు తెలుసు. నిట్టనిలువుగా, ఒక్కోటి ఒక్కో ఎత్తున, మధ్యలో నీళ్ళ పైపు, పక్కన తులసికోట. మొదటి మెట్టు మీద ఒకావిడ శుక్రవారం ముగ్గు వేస్తోంది. మా కారు బంపరు ఆ ముగ్గుకి జానెడు దూరంలో ఆగింది.

"కంటిన్యూ స్ట్రెయిట్" అంది లోపలావిడ.

బయటావిడ ముగ్గు డబ్బా పక్కన పెట్టి లేచింది. కారునీ, మెట్లనీ, మా బావనీ వరసగా చూసింది. "పైకెళ్ళుద్దా అండీ ఇది?" అంది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. "వెళ్ళేటట్టయితే మా గ్యాస్ సిలిండర్ కూడా ఎక్కించుకోండి. పైదాకా మోయడానికి మనిషి దొరకట్లేదు."

అక్క నవ్వు ఆపుకోలేక చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ సందులో ట్రాఫిక్ ఎందుకు లేదో అప్పుడు అర్థమైంది. మెట్ల మీద బండి వెళ్ళదు. బండి వెళ్ళకపోతే జామ్ కాదు. ఆ లెక్కన బెజవాడ మొత్తం మీద ఏ రోజూ ఎర్రబడని దారి అదే! ఎవరో మ్యాపులో దాన్ని రోడ్డని గీత గీశారు, మిషన్ నమ్మింది, దాన్ని బావ నమ్మాడు.

రివర్స్ చేద్దామని వెనక్కి చూస్తే, మా వెనక ఒక వ్యాను, దాని వెనక ఒక అద్దె కారు. అందరికీ ఒకే సలహా వచ్చినట్టుంది. అందరూ దిగారు. అరుగుల మీదివాళ్ళు కూడా దిగారు. "రానీ రానీ", "లెఫ్ట్ కొట్టు", "అయ్యో అటు కాదు, కాలవ, కాలవ" అని తలా ఒకటి చెబుతుంటే, ఆవిడ మాత్రం పట్టు వదలకుండా స్ట్రెయిట్ అంటూనే ఉంది. చివరికి బావే ఆవిడ నోరు నొక్కేశాడు.

ఆ ఖాళీలో మా మేనల్లుడు ఒక కబురు చెప్పాడు. 2020లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు జర్మనీలో, బెర్లిన్ వీధుల్లో, ఒక చిన్న తోపుడు బండిలో 99 ఫోన్లు వేసుకుని నెమ్మదిగా లాక్కుంటూ నడిచాడట. ఖాళీ వీధులు కూడా గూగుల్ మ్యాప్స్‌లో ఎర్రగా మారిపోయాయట. "అంటే ఇప్పుడు దుర్గ గుడి దగ్గర క్యూలో ఉన్న ఫోన్లన్నీ..." అని వాడు ఆగి నా మొహం చూశాడు. ఫ్లైఓవర్ సరిగ్గా గుడి రోడ్డు పక్కనే పైనుంచి పోతుంది. కింద ఆటోలు పాకుతున్నాయో, పైన కార్లు పాకుతున్నాయో ఆ మిషన్‌కి తేడా తెలిసి ఉండదని వాడి అనుమానం. వాళ్ళ నాన్నకి చెప్పొద్దన్నాను.

అద్దె కారులోంచి దిగినాయన పట్టుపంచె, చేతిలో పంచాంగం. అక్క గుర్తుపట్టింది. ముహూర్తం పెట్టిన పంతులుగారే.

"మీరూ ఇటే వచ్చారా పంతులుగారూ?"

"ఆవిడ చెప్పిందమ్మా" అన్నాడాయన బేలగా.

అక్క మొహంలోకి రక్తం వచ్చింది. "అయితే మనం లేటు కాదు! పంతులుగారు ఇక్కడుంటే ముహూర్తం అక్కడెట్లా మొదలవుతుంది?" అని అప్పటికప్పుడు తీరిగ్గా బుట్టలోంచి ఒక అరటిపండు తీసి ముగ్గావిడకిచ్చింది, బొట్టు పెట్టింది. ఆవిడ కూడా చామంతి పువ్వు ఇచ్చింది.

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం ఎలాగో బయటపడ్డాం. సందు మొదట్లో మరో రెండు కార్లు లోపలికి రావడానికి ఇండికేటర్ వేసుకుని నిలబడ్డాయి. "వద్దండీ, లోపల మెట్లున్నాయి" అని బావ చెయ్యూపి చెప్పాడు. మొదటి కారతను తన తెర వైపు వేలు చూపించి, పాపం ఈయనకి తెలియదన్నట్టు నవ్వి, లోపలికి పోయాడు. రెండో అతను అతని వెనకే పోయాడు.

భవానీపురం చేరేసరికి పదకొండు. పెళ్ళికొడుకు సోఫాలో బిగుసుకుని కూర్చున్నాడు. బాబాయి టిఫిను ముగించి చేతులు కడుక్కుంటున్నాడు.

"ఫ్లైఓవర్ మీద ఇబ్బంది కాలేదా బాబాయ్?" అన్నాడు బావ.

"ఇబ్బందేముంది, ఒక్క బండి లేదు. మీరేరీ అని గంటనుంచి చూస్తున్నాం."

బావకి పౌరుషం వచ్చింది. ఫోన్ తీసి, మ్యాపు పెద్దది చేసి, చిట్టినగర్ సందు చూపించాడు. ఇందాక ఏ రంగూ లేని ఆ గీత ఇప్పుడు ముదురు ఎరుపులో వెలిగిపోతోంది. "నమ్మవుగా, నువ్వే చూడు. ఎంత ట్రాఫిక్ ఉందో!"

బాబాయి తువ్వాలుతో చేతులు తుడుచుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ఆ ఎరుపుని శ్రద్ధగా చూశాడు.

"మరి అంత ట్రాఫిక్ ఉన్నచోటికి ఎందుకెళ్ళావురా?"