టెండరు లేని వంతెన

రిటైరయ్యాక పిల్లలు టికెట్లు కొనిస్తే జూన్‌లో పెరూ వెళ్లొచ్చాను. 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కోలో దిగగానే ఆయాసం పట్టుకుంది. హోటల్ వాళ్లు కోకా ఆకు టీ ఇస్తే కాస్త తేరుకున్నాను. అసలు ఊపిరాడనిది కెస్వాచాకా దగ్గర.

అక్కడ అపూరిమాక్ నది మీద 28 మీటర్ల వంతెన. మొత్తం గడ్డితాళ్లే! ఏటా జూన్‌లో పాతదాన్ని కోసి నదిలోకి వదిలేసి, మూడు రోజుల్లో కొత్తది కట్టేస్తారు. ఒకప్పుడు పెరూనేలిన ఇంకాల కాలం నుంచీ ఇదే తంతు. 37 ఏళ్లు ఇంజనీరుగా చేసిన నేను చూస్తూ ఊరుకోవాలా? ఎస్టిమేట్ లేదు. టెండరు లేదు. చేసిన పని కొలతలు రాసే ఎం.బుక్ అంటే ఏమిటో కూడా ఎవరికీ తెలీదు. పక్కనే ఇనుప వంతెన ఉండగా మళ్లీ ఇదెందుకు? ఆడిట్ వాళ్లు చూస్తే ఏమవుతుందో!

కూలీ ఎంతని గైడుని అడిగాను. లేదట. నాలుగు ఊళ్ల వాళ్లు ఇంటికిన్ని తాళ్లని పేని తెస్తారట. బిల్లే లేకపోతే ఎవరికి ఎంత అందుతుంది? ఆ ప్రశ్న గైడుకి అర్థం కాలేదు.

భూమిపూజ మాత్రం మన పద్ధతే. కోకా ఆకులు పెట్టి భూమాతకీ కొండ దేవుళ్లకీ మొక్కుతారు. కొబ్బరికాయ కొట్టడానికి మంత్రిగారు లేరు, అంతే తేడా. ఇలాంటి పనిని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాకెక్కించింది. ఫైలు చూడకుండానే సంతకం పెట్టి ఉంటారు.

2020లో కరోనా వల్ల వంతెన కట్టలేదు. 2021 మార్చిలో అది తెగి నదిలో పడింది. మన దగ్గరైతే విచారణ కమిటీ, దానికి రెండుసార్లు గడువు పెంపు, తర్వాత రివైజ్డ్ ఎస్టిమేట్. వీళ్లేమో బాధ్యులెవరో తేల్చకుండానే జూన్‌లో కొత్తది కట్టేసుకున్నారు!

ఇక ఊళ్లో ఒక ముసలావిడ గోడవారన కూర్చుని, తడిపిన గడ్డిని రాయితో నలగ్గొట్టి అరచేతుల మధ్య తాడు పేనుతోంది. నన్ను చూసి నా చేతిలోనూ గుప్పెడు పెట్టింది. మూరెడు పేనాను. ఆవిడ రెండు చేతులా పట్టుకుని ఒక్క లాగు లాగింది. విడిపోయింది. ఆ గడ్డినే మళ్లీ తడిపి, మారు మాట్లాడకుండా తనే పేనుకుంది.

నా సర్వీసు మొత్తంలో ఇలా రిజెక్ట్ అయిన పని ఇదొక్కటే.