హాల్‌మార్క్ బంగారానికే, రాయికి కాదు

హాల్‌మార్క్ చూసుకుంటే రాళ్ల నగలైనా ధైర్యంగా కొనొచ్చని నగల కొనుగోలు మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. బంగారం వరకూ సరే. 916 ముద్ర (91.6 శాతం స్వచ్ఛత), అక్షరాలూ అంకెలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ (నగ గుర్తింపు కోడ్) చెప్పేది బంగారం నాణ్యతే, అందులో పొదిగిన కెంపు సంగతి కాదు. మా పర్లాకిమిడి వైపు పెళ్లంటే బరంపురమో శ్రీకాకుళమో వెళ్లి కెంపుల నెక్లెసు కొంటారు. దయచేసి బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం విడివిడిగా రాయించుకోండి. లేదంటే రాళ్లకీ, వాటి కింది లక్కకీ బంగారం రేటే కట్టినట్టు. 5 క్యారట్ల బరువున్న రాళ్లంటే 1 గ్రాము మరి!

పగుళ్లలో సీసం కలిపిన గాజు నింపిన కెంపులు బజారులో చాలా ఉన్నాయి. పది రెట్ల భూతద్దంలో చూస్తే లోపల గుండ్రటి బుడగలు, అటూ ఇటూ తిప్పితే నీలి మెరుపు కనిపిస్తాయి. అలాంటి రాయి నిమ్మరసానికే పాడవుతుంది, కంసాలి మంట తగిలితే ఇక చెప్పక్కర్లేదు. ఒడిశాలోని కలహండిలో కెంపులు దొరికే మాట నిజమే. కానీ ఆ పేరు చెప్పి ఎక్కువ ధర అడిగితే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి, అందులో ట్రీట్‌మెంట్ (గాజు నింపడం లాంటివి) గురించి ఏం రాశారో ముందు చదవండి.

2 గ్రాముల లోపు నగకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, అందుకని ముక్కుపుడకకైనా పక్కా బిల్లు తీసుకోండి.