కుర్చీలో కూర్చున్నంత మాత్రాన వైఫై ఇచ్చేస్తారా?

మామూలు వాడుకరి తన కంప్యూటర్‌లో నెట్ కనెక్షన్ తానే పెట్టుకుంటాడట, తానే తీసేసుకుంటాడట. అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదట! ఈ పెడధోరణిని మొగ్గలోనే తుంచకపోతే రేపు టైమ్ జోన్ మార్చుకునే హక్కు కూడా అడుగుతారు.

అన్నట్టు, అదీ అడిగేశారు. అడిగింది ఎవరో కాదు, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్‌కు ఆద్యుడు లైనస్ టోర్వాల్డ్స్. కొత్త వైఫై చేర్చాలన్నా, టైమ్ జోన్ మార్చాలన్నా ఓపెన్‌సూసె (లైనక్స్‌లో ఒక రకం) రూట్ పాస్‌వర్డ్, అంటే సర్వాధికారాలున్న అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ అడుగుతోందని 2012 ఫిబ్రవరిలో అప్పటి సోషల్ మీడియా వేదిక గూగుల్ ప్లస్‌లో విరుచుకుపడ్డాడు. అంతకుముందే బగ్ రిపోర్టులో వాదించి అలసిపోయాడు. ఇంతలో కూతురు స్కూలు నుంచి ఫోన్ చేసింది: అడ్మిన్ పాస్‌వర్డ్ తెలియక అక్కడి ప్రింటర్‌ను చేర్చుకోలేకపోతున్నానని. ఆ నిబంధన పెట్టినవాళ్లను ఉద్దేశించి ఆయన వాడిన భాషను పిల్లలున్న ఇంట్లో చదవలేం.

నేను మాత్రం ఓపెన్‌సూసె పక్షమే. తండ్రి కెర్నల్ రాస్తే కూతురికి ప్రింటర్ వచ్చేయాలా? వారసత్వ రాజకీయాలతో విసిగిపోయిన మనం, వంశం చూడకుండా అందర్నీ సమానంగా ఏడిపించిన ఒక వ్యవస్థకు సన్మానం చేయాల్సింది పోయి తిట్టడమా?

అసలు సమస్య పోల్‌కిట్‌తో వచ్చింది. లైనక్స్‌లో ఎవరికి ఏ పని చేసే అనుమతి ఉందో తేల్చేది ఇదే. మనిషి దూరం నుంచి లాగిన్ అయ్యాడా, లేక యంత్రం ముందే కూర్చుని ఉన్నాడా అని చూస్తుంది. ముందు కూర్చున్నవాడైతే వైఫై ఆన్, ఆఫ్ చేసుకోనిస్తుంది, తన ఒక్కడి కోసం కనెక్షన్ చేర్చుకోనిస్తుంది. అంటే కుర్చీలో ఉన్నవాడిదే అధికారం! కుర్చీ కోసం పార్టీలు చీల్చినవాళ్లను, రిసార్టుల్లో రోజులు గడిపినవాళ్లను చూసిన జనం మనం. ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నంత మాత్రాన అధికారం అప్పగిస్తామంటే ఎలా ఊరుకుంటాం?

అదృష్టవశాత్తు అన్ని తలుపులూ తెరవలేదు. ఆ కనెక్షన్ మిగతా వాడుకరులకూ పనికి రావాలని ఒక్క టిక్కు పెట్టి చూడండి, మామూలుగా అడ్మిన్ పాస్‌వర్డ్ కిటికీ ఠక్కున ఎదురొస్తుంది. పది మంది వాడే ల్యాబ్ కంప్యూటర్‌లో ఒకడు అందరి డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికిపెట్టే ఏర్పాటు) మార్చేస్తే ప్రమాదమే, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఒక్కడే వాడే లాప్‌టాప్‌లోనూ అదే కట్టడి ఎందుకని అడిగేవాళ్లకు క్రమశిక్షణ అంటే తెలియదు.

విండోస్ వాళ్లు ఈ చిక్కును మన పద్ధతిలో పరిష్కరించారు: కమిటీ వేశారు. నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్ ఆపరేటర్స్ అని ఒక గ్రూపు ఉంది. అందులో ఉన్నవాళ్లు పూర్తి అడ్మిన్లు కాకపోయినా ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్ చిరునామా) లాంటివి మార్చుకోవచ్చు. విండోస్ వేసిన కొత్తలో ఆ గ్రూపులో సభ్యులు ఉండరు. ఒకరిని చేర్చాలంటే అడ్మిన్ కావాలి. ఇంత నిర్మలమైన కమిటీని నేను సచివాలయంలో కూడా చూడలేదు.

లాక్‌డౌన్‌లో ఈ క్రమశిక్షణ గొప్పతనం హైదరాబాద్ ఐటీ ఉద్యోగులకు బాగా తెలిసొచ్చింది. లాప్‌టాప్ సొంతూరు చేరింది, ఐపీ మాత్రం ఆఫీసుదే ఉండిపోయింది. దాన్ని మార్చాలంటే అడ్మిన్ దూరం నుంచి లోపలికి రావాలి. అడ్మిన్ రావాలంటే నెట్ ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు. ఫిర్యాదు టికెట్ పెట్టమని సలహా ఇచ్చారు, అదీ ఆన్‌లైన్‌లోనే.

ఇక సుడో సంగతి. లైనక్స్‌లో రూట్ అధికారంతో పని చేయించే కమాండ్ ఇది. అనుమతి లేనివాడు దాన్ని పిలిస్తే, ఈ సంగతి పైవారికి తెలియజేస్తామని ఏళ్లపాటు బెదిరించింది. చాలామందికి టెన్షన్‌తో చెమటలు పట్టాయి. ఆ పైవారు ఎవరంటే, మామూలుగా అదే యంత్రంలోని రూట్. ఇంట్లో కంప్యూటర్ అయితే ఆ రూట్ మీరే. మీ మీద ఫిర్యాదు మీకే వస్తుంది, మీరు ఎప్పుడూ తెరవని మెయిల్‌బాక్సులో పడి ఉంటుంది. కింది ఉద్యోగి మీద పెట్టిన ఫిర్యాదు విచారణ కోసం ఆ ఉద్యోగికే పంపే మన పాలనా సంప్రదాయం ఇంత దూరం పాకిందని గర్వపడాలి.

ఇంత కాపలాకు కారణం భద్రత. దాని మీద జోకులు వేయకూడదు. కాబట్టి 2022 జనవరిలో జరిగింది కూడా గంభీరంగానే చెబుతాను. పైన చెప్పిన పోల్‌కిట్‌లో పీకేఎగ్జెక్ అనే ఒక ప్రోగ్రాం ఉంది. అందులో ఒక లొసుగును క్వాలిస్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. ఆ యంత్రంలో ఏ మామూలు ఖాతా ఉన్నవాడైనా దాంతో నేరుగా రూట్ అయిపోగలిగేవాడు. 2009లో ఆ ప్రోగ్రాం పుట్టినప్పటి నుంచీ లొసుగు ఉంది, అంటే పన్నెండేళ్లకు పైగా. ఆ దారిన వచ్చేవాడిని పాస్‌వర్డ్ అడిగే పనే ఉండేది కాదు. పద్ధతిగా అడిగితే గదా, ఎదురుప్రశ్న వేయడానికి? ముందు తలుపు దగ్గర నిలబడి, అయ్యా, అందరి కోసం ఈ వైఫై కలపొచ్చా అని అడిగినవాడిని మాత్రం పోల్‌కిట్ ఆ పన్నెండేళ్లూ నువ్వెవరని నిలదీస్తూనే ఉంది.