తలల లెక్కలో తప్పిపోతున్న పల్లె బడి

అమెరికా మధ్య మైదానాల్లోని ఒక చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ వెలువరించిన వసంతకాలపు వార్తాలేఖ ఈ మధ్య నా చేతికి వచ్చింది. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే తన బోర్డుతో, తన బడ్జెట్‌తో ఒక ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థ. అక్కడి నుంచి దగ్గరి ట్రాఫిక్ లైటు దాకా వెళ్లాలంటే నలభై మైళ్లు నడపాలి. నాలుగు పేజీల ఆ లేఖలో ట్రాక్ జట్టు పోటీల తేదీలు, వ్యవసాయ విద్యార్థుల మొక్కల అమ్మకం, ప్రామ్ (హైస్కూలు నృత్య వేడుక) ఏర్పాట్లు, మంచు కారణంగా పోయిన రెండు పనిదినాలను ఎప్పుడు భర్తీ చేస్తారన్న వివరం, రాష్ట్ర పరీక్షలు జరిగే వారంలో పిల్లలను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లవద్దన్న విన్నపం ఉన్నాయి. మూడో పేజీ కింది మూలన చిన్న అక్షరాల్లో మరో రెండు వాక్యాలున్నాయి. వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌కు ఇంతవరకు ఏడుగురు పిల్లలు నమోదయ్యారనీ, అయిదేళ్లు నిండబోతున్న పిల్లలు ఎవరింట్లోనైనా ఉన్నట్టు తెలిస్తే వారిచేత ఆఫీసుకు ఫోను చేయించమనీ వాటి సారాంశం.

లేఖ మొత్తంలో అసలు వార్త అదొక్కటే. అది రాసిన సూపరింటెండెంటే, అంటే డిస్ట్రిక్ట్ అధిపతే, ఆ బడికి ప్రిన్సిపాలు కూడా. డ్రైవరు రాని రోజు పసుపు బస్సు నడిపేదీ ఆయనే. ఏడు అనే అంకె పక్కన ఆయన ఏ వ్యాఖ్యా చేయలేదు. చేయనక్కరలేదు కూడా. ఆ అంకె పదకొండు అయితే బడ్జెట్ ఎలా ఉంటుందో, ఏడు దగ్గరే ఆగిపోతే ఏ టీచరు కాంట్రాక్టు పునరుద్ధరణకు నోచుకోదో ఆ ఊళ్లో అందరికీ తెలుసు.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1939-40లో అమెరికాలో 1,17,000కు పైగా ఉన్న స్కూల్ డిస్ట్రిక్టులు విలీనాల మీద విలీనాలు జరిగి ఇప్పుడు దాదాపు 13,000కు చేరాయి. మిగిలినవాటిలో సగానికి పైగా గ్రామీణ ప్రాంతాలవే. కోవిడ్ కాలంలో ఫెడరల్ ప్రభుత్వం మూడు విడతల్లో బడులకు ఇచ్చిన దాదాపు 190 బిలియన్ డాలర్ల సాయానికి 2024 సెప్టెంబరుతో గడువు తీరింది. 2025 మార్చిలో ఫెడరల్ విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి కుదించారు. వసంతం అక్కడ బడి బడ్జెట్ల రుతువు. వెర్మాంట్‌లో మార్చి మొదటి మంగళవారం, న్యూయార్క్‌లో మే మూడో మంగళవారం ఓటర్లు తమ ఊరి బడి బడ్జెట్‌ను నేరుగా ఆమోదిస్తారు, లేదా తిప్పికొడతారు. 2024లో వెర్మాంట్ ఓటర్లు దాదాపు మూడో వంతు బడ్జెట్లను తిప్పికొట్టారు.

ఈ చర్చంతా డబ్బు చాలడం లేదన్న మాట చుట్టూ తిరుగుతోంది. ఎంత డబ్బు అన్నదానికంటే ఆ డబ్బును ఏ కొలతతో పంచుతున్నారన్నదే ముఖ్యమైన ప్రశ్న అని నా వాదన. చాలా రాష్ట్రాల్లో నిధుల సూత్రానికి పునాది ఒక్కటే: విద్యార్థికి ఇంత. వినడానికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి లేదనిపిస్తుంది. ఏ బిడ్డనూ తక్కువ చేయకుండా, ప్రతి తలకూ సమానంగా ఇస్తున్నట్టు కనిపిస్తుంది. రెండు వేల మంది చదివే బడిలో ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. నూట యాభై మంది ఉన్న బడిలో అదే లెక్క ఏం చేస్తుందో చూద్దాం.

విద్యార్థికి 12 వేల డాలర్లు వస్తున్నాయనుకుందాం. ఒక కుటుంబం పొలం కౌలు వదులుకుని పట్నానికి వెళ్లిపోయింది. ముగ్గురు పిల్లలు తగ్గారు. బడికి వచ్చే రాబడిలో 36 వేల డాలర్లు పోయాయి. ఇప్పుడు ఖర్చు ఎక్కడ తగ్గుతుంది? ఆ ముగ్గురిలో ఒకడు రెండో తరగతి, ఒకమ్మాయి అయిదో తరగతి, పెద్దవాడు తొమ్మిదో తరగతి. ఏ తరగతి గదీ మూతపడదు. ఏ టీచరునూ పన్నెండో వంతు తీసివేయలేం. బాయిలరుకు ముగ్గురు తగ్గిన సంగతి తెలియదు. బస్సు రోజూ అదే కంకర రోడ్డు మీద అవే నలభై మైళ్లు తిరగాలి, ఎందుకంటే ఆ రోడ్డు చివర ఇంకో ఇల్లు ఉంది, ఆ ఇంట్లో ఇంకో పిల్లవాడున్నాడు. రాబడి తలల చొప్పున తగ్గుతుంది; ఖర్చు మాత్రం గదుల చొప్పున, మైళ్ల చొప్పున నిలబడి ఉంటుంది. ఈ రెండు కొలతలకూ పొంతన లేనప్పుడు చిన్న బడి ఎంత పొదుపుగా నడిచినా లోటు తప్పదు. ఆ లోటును చూపించి, చిన్న బడి అసమర్థమని నిర్ధారించి, విలీనం చేయమంటారు. ముందు తప్పు తక్కెడలో తూచి, ఆపైన సరుకే తక్కువని సరుకును తప్పుపట్టడం ఇది.

లెక్క తీసే తీరు కూడా చూడదగ్గది. మిషిగన్‌లో అక్టోబరులో ఒక రోజు, ఫిబ్రవరిలో మరో రోజు పిల్లలను లెక్కిస్తారు. ఆ రెండు అంకెలే ఏడాది నిధులను నిర్ణయిస్తాయి. ఆ రోజున ఒక్కరు కూడా గైర్హాజరు కాకూడదని ఆటలు, బహుమతులు, ప్రత్యేక భోజనాలు ఏర్పాటు చేసే బడులున్నాయి. టెక్సస్‌లో నిధులు సగటు హాజరు మీద ఆధారపడతాయి కనుక ఫ్లూ జ్వరం కూడా బడ్జెట్ అంశమే.

ఇబ్బందిని రాష్ట్రాలు గుర్తించలేదని కాదు. విస్కాన్సిన్ తన పలుచని జనాభా గల డిస్ట్రిక్టులకు ప్రత్యేక సాయం ఇస్తోంది. 745 మందికి మించని విద్యార్థులు, చదరపు మైలుకు పదిమంది కంటే తక్కువ ఉన్నచోట ఆ సాయం అందుతుంది. ఎంత? విద్యార్థికి 400 డాలర్లు. గమనించండి, పిల్లలు తక్కువైనందుకు ఇచ్చే పరిహారం కూడా పిల్లల సంఖ్యతో గుణించి ఇచ్చేదే. పిల్లలు మరింత తగ్గితే పరిహారం కూడా మరింత తగ్గుతుంది. రోగం ముదిరేకొద్దీ మందు మోతాదు తగ్గించే వైద్యుణ్ణి ఎవరైనా మెచ్చుకుంటారా?

విలీనవాదుల మాటనూ వినాలి. 1959లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ బ్రయంట్ కోనంట్ ఒక గీత గీశారు: పన్నెండో తరగతిలో కనీసం వందమంది లేని హైస్కూలు మంచి చదువు చెప్పలేదు. ఫిజిక్స్‌కు టీచరు లేడు, కాల్‌క్యులస్‌కు నలుగురే పిల్లలు, విదేశీ భాష అంటే వీడియో పాఠమే. పక్క ఊరి బడితో కలిస్తే ఇవన్నీ దొరుకుతాయని వారు అంటారు. ఈ వాదనలో నిజం లేకపోలేదు. పట్టుమని పదిమంది లేని బడిలో చదివిన పిల్లవాడు ఇంజనీరింగ్ కాలేజీ మొదటి సెమిస్టరులో తడబడటం నేనూ చూశాను. అయితే కెమిస్ట్రీ టీచరును ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు డిస్ట్రిక్టులు పంచుకోవచ్చు. దానికోసం బోర్డును రద్దు చేసి, బడికి తాళం వేసి, ఆరేళ్ల పిల్లను గంటన్నర బస్సులో కూర్చోబెట్టాల్సిన పని లేదు. విలీనంతో మిగిలిందనే సొమ్ములో ఎంత డీజిలుకు పోతుందో విలీన ప్రతిపాదనల్లో సాధారణంగా చివరి పేజీకి గానీ కనిపించదు.

ఈ విషయంలో నేను మరచిపోలేని ఉదంతం ఆర్కన్సాస్‌లో జరిగింది. మిసిసిపీ నదికి దగ్గరలో, ఫిలిప్స్ కౌంటీలో లేక్ వ్యూ అనే చిన్న ఊరుంది. మహామాంద్యం నాటి పునరావాస పథకం కింద నల్లజాతి రైతు కుటుంబాలకు భూమి ఇచ్చి స్థిరపరచిన ఊరది. 1992లో ఆ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్ రాష్ట్రం మీద దావా వేసింది. సంపన్న డిస్ట్రిక్టులకూ తమకూ మధ్య నిధుల్లో ఉన్న అంతరం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని వాదించింది. పదేళ్లు పోరాడింది. 2002 నవంబరులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకుని, నిధుల వ్యవస్థ మొత్తం రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది. చిన్న ఊరు రాష్ట్రాన్నే ఓడించింది.

తీర్పును అమలు చేసే బాధ్యత శాసనసభ మీద పడింది. నిధులు పెంచారు, నిజమే. దానితోపాటు ఒక చట్టం తెచ్చారు: వరుసగా రెండేళ్లు 350 మంది కంటే తక్కువ విద్యార్థులున్న డిస్ట్రిక్ట్ మరో డిస్ట్రిక్టులో కలిసిపోవాల్సిందే. గవర్నర్ మైక్ హకబీ కోరుకున్న గీత 1,500. అది 350 దగ్గర ఆగినందుకు అసంతృప్తితో ఆయన సంతకం పెట్టకుండానే బిల్లును చట్టం కానిచ్చారు. 2004 జూలై ఒకటిన ఆ చట్టం కింద రద్దయిన డిస్ట్రిక్టుల జాబితాలో లేక్ వ్యూ కూడా ఉంది. దాన్ని బార్టన్-లెక్సా డిస్ట్రిక్టులో కలిపేశారు. దావా వేసి గెలిచిన కక్షిదారు ఆ గెలుపు ఫలితంగానే లేకుండా పోయింది. తీర్పు పేరులో మాత్రం ఊరి పేరు మిగిలింది; న్యాయ విద్యార్థులు ఇప్పటికీ దాన్ని చదువుతున్నారు.

350 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది? చదువు నాణ్యత 349 దగ్గర చెడి, 350 దగ్గర బాగుపడుతుందని ఏ పరిశోధకుడూ నిరూపించలేదు. శాసనసభలో బేరం కుదిరిన అంకె అది, అంతే. 2015లో అదే రాష్ట్రం, బాగా నడుస్తున్న చిన్న డిస్ట్రిక్టులకు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వవచ్చునంటూ చట్టాన్ని సడలించింది. లేక్ వ్యూకు అది పదకొండేళ్లు ఆలస్యం. ఇప్పుడు వెర్మాంట్ వంతు. 2025లో గవర్నర్ ఫిల్ స్కాట్ సంతకం చేసిన 73వ చట్టం, రాష్ట్రంలోని 119 డిస్ట్రిక్టులను, వీలైనంతవరకు, ఒక్కోదానిలో కనీసం నాలుగు వేల మంది ఉండేంత పెద్దవిగా మార్చాలని లక్ష్యం పెట్టింది. రాష్ట్రం మొత్తం మీద బడి పిల్లలు 80 వేలకు అటూ ఇటూ ఉంటారు. అంటే ఆ లక్ష్యం నెరవేరితే 119 బోర్డులు ఉన్నచోట మహా అయితే ఇరవై మిగులుతాయి.

విలీనాన్ని తప్పించుకోవడానికి చిన్న బడులు పడుతున్న పాట్లలో వారానికి నాలుగు రోజుల బడి ఒకటి. కొలరాడోలో అరవై శాతానికి పైగా డిస్ట్రిక్టులు, మిస్సోరీలో దాదాపు మూడో వంతు డిస్ట్రిక్టులు ఇప్పుడు ఈ పద్ధతిలో ఉన్నాయి. బస్సుకు, వంటకు, కరెంటుకు ఒక రోజు మిగిలినా జీతాలు తగ్గవు కనుక నిజంగా ఆదా అయ్యేది మొత్తం బడ్జెట్‌లో 0.4 నుంచి 2.5 శాతమేనని 2011లో ఒక విశ్లేషణ తేల్చింది. అయినా ఎందుకు చేస్తున్నారంటే, ఎక్కువ జీతం ఇవ్వలేని బడి టీచరుకు ఇవ్వగలిగింది శుక్రవారం సెలవు మాత్రమే.

టీచర్ల మాట వచ్చింది కనుక మనవారికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. లెక్కలకు, సైన్సుకు, ప్రత్యేక విద్యకు స్థానికంగా ఎవరూ దొరకక, ఈ పల్లె బడులు ఫిలిప్పీన్స్ నుంచి, భారత్ నుంచి జే-1 (మార్పిడి కార్యక్రమం), హెచ్-1బీ (ఉద్యోగ) వీసాలపై టీచర్లను తెచ్చుకుంటున్నాయి. హెచ్-1బీ అనగానే మనకు సాఫ్ట్‌వేరే గుర్తొస్తుంది గానీ, గోధుమ చేల మధ్య బడిలో ఆల్జీబ్రా చెప్పే తెలుగు టీచర్లూ ఉన్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు మన చర్చలన్నీ ఐటీ కంపెనీల చుట్టూ తిరిగాయి. ఏడాదికి 40 వేల డాలర్ల జీతంతో టీచరును తీసుకునే డిస్ట్రిక్టుకు ఆ రుసుము రెండున్నరేళ్ల జీతంతో సమానం. పెద్ద కంపెనీ ఆ సొమ్మును ఎలాగో సర్దుకుంటుంది. పల్లె బడి ఆ దరఖాస్తే పెట్టదు.

నిజానికి ఈ తలల లెక్క బడితో ఆగేది కాదు. 2011లో అమెరికా తపాలా సంస్థ దాదాపు 3,700 పోస్టాఫీసులను మూసివేత పరిశీలనలో పెట్టింది. పల్లెలు గగ్గోలు పెట్టాక మరుసటి ఏడాది, మూయడానికి బదులు వేలాది ఆఫీసుల పనివేళలను రోజుకు ఆరు, నాలుగు, రెండు గంటలకు కుదించింది. 2010 నుంచి 140కి పైగా గ్రామీణ ఆసుపత్రులు మూతపడటమో, ఇన్‌పేషంట్ సేవలు ఆపేయడమో జరిగింది. అక్కడా సూత్రం ఇదే: వచ్చినవారి సంఖ్య ఇంత, కనుక సొమ్ము ఇంత. ప్రసవానికి నెలకు నలుగురే వచ్చినా నర్సు ఇరవై నాలుగు గంటలూ ఉండాల్సిందేనన్న సంగతి ఆ సూత్రానికి పట్టదు. అగ్నిమాపక కేంద్రానికి మాత్రం మంటల సంఖ్యను బట్టి డబ్బులివ్వాలని ఎవరూ అనరు. బండి, నీళ్లు, మనుషులు సిద్ధంగా ఉండటానికే ఖర్చవుతుందని అక్కడ ఒప్పుకుంటాం. బడి విషయంలో అదే మాట ఒప్పుకోవడానికి శాసనసభలకు ఎందుకింత సంకోచమో నాకు అర్థం కాదు.

చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ప్రతి డిస్ట్రిక్టుకూ ముందు తరగతి గదికి ఇంత, బస్సు తిరిగే మైలుకు ఇంత అని స్థిరమైన మొత్తం ఇవ్వాలి. ఆపైన కావాలంటే తలల లెక్క వేసుకోవచ్చు. ఇక బడి ఉండాలా, పక్క ఊరితో కలవాలా అన్నది ఆ ఊరి ఓటర్లు తేల్చుకోవాలి. బడ్జెట్‌ను తిప్పికొట్టే పెద్దరికం ఉన్నవారికి బడిని నిలుపుకునే పెద్దరికం లేదనడం ఏం న్యాయం?

నేను చెప్పిన ఆ డిస్ట్రిక్టు బోర్డు మేలో సమావేశమవుతోంది. వార్తాలేఖ చివరి పేజీలో అజెండా ఉంది. మూడో అంశం, కిండర్‌గార్టెన్‌నూ ఒకటో తరగతినీ ఒకే టీచరు కిందికి తేవడం. నాలుగో అంశం, ఉత్తరపు రూటు బస్సుకు కొత్త ఇంజను. మూడోదాని ఎదుట ‘చర్చకు’ అని ఉంది. నాలుగోదాని ఎదుట ‘చెల్లింపుకు’ అని ఉంది.