చెవులు, కాలివేళ్ల లెక్క

1936 సెప్టెంబరు 7న ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో, హోబర్ట్ జూలో చివరి థైలసీన్ (టాస్మేనియన్ పులి) చనిపోయింది. ఆ జంతువును చంపి తెచ్చినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన బహుమతే ఆ జాతి అంతరించడానికి కారణమని అంటుంటారు. అది సగం నిజమే.

టాస్మేనియా ప్రభుత్వం 1888 నుంచి 1909 దాకా పెద్ద జంతువుకు ఒక పౌండు, పిల్లకు పది షిల్లింగులు ఇచ్చింది. కళేబరాన్ని అధికారికి చూపించాలి. ఆయన చెవులు, కాలివేళ్లు కోసేసేవాడు, అదే కళేబరం మళ్లీ ఇంకోచోట డబ్బు తేకుండా. ఈ చిన్న జాగ్రత్త చాలా ముఖ్యం. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి పాలకులు ఎలుక తోక తెస్తే చాలన్నారు. జనం తోక కోసి ఎలుకను వదిలేశారు, అది పిల్లలు పెడితే మళ్లీ తోకలే కదా! కొందరైతే ఎలుకల్ని పెంచారు కూడా. శరీరంలో ఏ భాగాన్ని సాక్ష్యంగా అడుగుతామన్నదాని మీదే పథకం బతుకు ఆధారపడి ఉంటుంది.

టాస్మేనియాలో చెల్లించిన బహుమతులు మొత్తం 2,184. చాలా ఏళ్లు ఏటా వంద దాటాయి. 1908లో పదిహేడు, 1909లో రెండే! బహుమతి రేటు తగ్గలేదు, జంతువులే దొరకలేదు. అంత హఠాత్తుగా పడిపోవడానికి వేట ఒక్కటే చాలదు, ఏదో జబ్బు కూడా సోకి ఉంటుందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. గొర్రెల కోసం అడవులు నరకడం, ఊరకుక్కల బెడద దానికి తోడు. పైగా ప్రభుత్వం కంటే ముందే, 1830 నుంచే, అక్కడ గొర్రెలు పెంచే వాన్ డీమెన్స్ ల్యాండ్ కంపెనీ సొంతంగా బహుమతులు ఇచ్చింది. ఆ చావులు ఈ 2,184లో లేవు.

చట్టపరమైన రక్షణ వచ్చింది 1936 జూలై 10న. హోబర్ట్‌లో ఆ జంతువు చనిపోవడానికి సరిగ్గా 59 రోజుల ముందు.